స్కోపుకు నూనె తగలకూడదు

రిటైర్ కావడానికి ఇంకా మూడేళ్లు ఉన్నాయనగా, ఒక జూన్ నెల మొదటి వారంలో, చంద్రపూర్‌లోని మా ఆసుపత్రి పిల్లల వార్డుకు నన్ను ఇన్‌చార్జ్ సిస్టర్‌గా వేశారు. ఇన్‌చార్జ్ అంటే స్టాఫ్ నర్సు కన్నా ఒక మెట్టు పైన, మేట్రన్‌కు బాగా కింద. డ్యూటీ చార్టు వేయడం, మందుల అల్మారా చూసుకోవడం, డాక్టర్లతో ఒక మాట, పేషెంటు తాలూకు వాళ్లతో రెండు మాటలు పడటం ఆ మెట్టు మీద ఉండేవాళ్ల పని. వాటితోపాటు బ్రాంకోస్కోపీ గది తాళంచెవి కూడా నా చేతికే వచ్చింది. అంతకుముందు ఇరవై ఏళ్లు పెద్దవాళ్ల స్కోపు గదిలో పనిచేసినదాన్ని. పిల్లల కోసం కొత్తగా తెప్పించిన సన్న స్కోపును ఇంకెవరికి అప్పజెప్తారు?

బ్రాంకోస్కోపు అంటే ఊపిరి గొట్టాల లోపలికి పోయి చూసే పరికరం. మేం వాడేది వంగే రకం. కొసన చిన్న కెమెరా, చిన్న దీపం ఉంటాయి. మధ్యలో సన్నటి దారి ఒకటి ఉంటుంది, దాంట్లోంచి మందు పంపొచ్చు, ఉప్పునీళ్లు పంపి మళ్లీ వెనక్కి లాగొచ్చు. పెద్దవాళ్లది చిటికెన వేలికన్నా సన్నం. పిల్లలదైతే బాల్‌పెన్నులో రీఫిల్ ఉంటుంది చూడండి, ఇంచుమించు అంతే లావు. ముక్కులోంచి దిగి, గొంతు దాటి, ఊపిరితిత్తుల కొమ్మల దాకా పోతుంది.

దాన్ని చూసుకోవడం పసిపిల్లను చూసుకున్నట్టే. వాడిన వెంటనే లోపలి దారి కడగాలి. ఎక్కడన్నా గాలి లీకవుతున్నదా అని నీళ్లలో పెట్టి చూడాలి. మందునీళ్లలో ముంచి, మళ్లీ కడిగి, ఆరబెట్టి, చుట్టకుండా నిలువుగా వేలాడదీయాలి. అన్నిటికన్నా ముఖ్యం, దానికి నూనె తగలకూడదు. జిడ్డు తగిలితే పైన ఉండే రబ్బరు తొడుగు ఉబ్బి పాడవుతుంది. అందుకే ముక్కులో జారడానికి నీళ్లలో కలిసిపోయే జెల్లీనే రాస్తాం. తలకు బాగా నూనె పెట్టుకుని, అవే చేతులతో స్కోపు ముట్టబోయిన ఒక స్టాఫ్ నర్సును ఒకసారి గదిలోంచి బయటికి పంపాను. ఆమె నెల రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె, నా స్కోపు బాగుంది కదా అనుకున్నాను. నా సంగతి అట్లుండేది.

నేను బల్లార్‌పూర్‌లో పుట్టాను. మా నాన్న అక్కడి మిల్లులో ఫిట్టరు. చదివింది మరాఠీ బడి, తెలుగు చదవడం నేర్చింది మాత్రం ఆదివారం చర్చిలో. ఆసుపత్రిలో రోజంతా మరాఠీ, హిందీ నడుస్తుంటే, తెలుగు పేషెంట్లెవరన్నా వచ్చి చేరితే చాలు, వార్డు వాళ్లంతా నా కోసం కేకేసేవాళ్లు. అట్లా కేకేసిన ఒకరోజు నేను మొదటిసారి పోసక్కను చూశాను.

పోసక్కది బామ్ని అనే ఊరు. అరవైకి దగ్గర పడిన మనిషి. ఒళ్లో పద్నాలుగు నెలల మనవరాలు ఆరోహి, వెనకాల సంచులు మోసుకుంటూ కోడలు మౌనిక. కొడుకు బొగ్గు గనిలో కాంట్రాక్టు పని మీద ఉన్నాడు, షిఫ్టు అయ్యాక వస్తాడన్నారు. పిల్ల బరువు ఏడు కిలోల పైన కొంచెం, ఆ వయసుకు తక్కువ. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతున్నది. నాలుగు నెలల్లో ఇది మూడోసారి న్యుమోనియా అని కాగితాల్లో రాసి ఉంది. రెండు నెలలుగా టీబీ మందులు కూడా నడుస్తున్నాయి. ఎక్స్‌రేలో మచ్చలు చూసి ఎవరో మొదలుపెట్టారు. మా జిల్లాలో మచ్చ కనబడితే ముందు టీబీ అనుకోవడం తప్పేమీ కాదు. కానీ మందులు పడుతున్న కొద్దీ మచ్చలు తగ్గాలి గదా, ఇవి పెరిగాయి.

స్కోపుకు ముందు వారం రోజులు వార్డులో ఉన్నారు. ఆక్సిజన్ తీసేస్తే చాలు, పిల్ల వేలికి పెట్టిన క్లిప్పులో అంకె పడిపోయేది. పోసక్క మాత్రం ఒక్క నిమిషం ఊరుకునే రకం కాదు. పొద్దున్నే పిల్లకు తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, నూనె రాసి, కాటుక పెట్టి, "మా రాణి లేసిందమ్మా" అని వార్డు మొత్తానికి చెప్పేది. పక్క మంచాల పిల్లలను కూడా ఎత్తుకునేది. నేను ఎన్నిసార్లు కసిరినా నవ్వేది.

రెండో రోజు పొద్దున చిన్న స్టీలు గిన్నె పట్టుకుని మా డ్యూటీ రూముకు వచ్చింది. కొబ్బరినూనెలో వెల్లుల్లి, వాము వేసి ఇంట్లో కాచుకొచ్చిందట. "జర గోరువెచ్చగ చేసియ్యవా సిస్టరమ్మా, సల్లటిది పెడ్తే పిల్లకు ఇంకా సర్ది పడ్తది" అని అడిగింది. మేం చాయ్ పెట్టుకునే కరెంటు పొయ్యి ఒకటి అక్కడ ఉండేది. పేషెంటు వాళ్ల సామాను దాని మీద పెట్టకూడదని రూలు. నేనే గోడకు అంటించిన రూలు. అయినా ఆమె మొహం చూసి కాదనలేకపోయాను. ఆ రోజూ వేడి చేసిచ్చాను, ఆ తర్వాత నాలుగు రోజులూ వేడి చేసిచ్చాను. అందరూ అనుకునేంత కఠినురాలిని కాదులే అని లోపల కొంచెం సంతోషపడ్డాను కూడా.

పిల్లల ఊపిరితిత్తుల డాక్టరు వైశాలి మేడమ్ నాగ్‌పూర్ నుంచి పదిహేను రోజులకోసారి మంగళవారం వచ్చేవారు. ఈసారి వచ్చే ముందు రోజు ఫోన్లోనే ఎక్స్‌రేలన్నీ తెప్పించుకుని చూసి, ఆరోహికి స్కోపు వేద్దామన్నారు. ఊపిరితిత్తిలోకి కొంచెం ఉప్పునీళ్లు పంపి కడిగి, ఆ కడిగిన నీళ్లను పరీక్షకు పంపితే అసలు ఏముందో తెలుస్తుంది. టీబీయా, ఇంకేదన్నానా, గొట్టంలో పల్లీ గింజ లాంటిది ఇరుక్కుందా అన్నది కూడా చూడొచ్చు. అది తేలకపోతే మిగిలిన దారి ఛాతీ కోసి ముక్క తీయడమే, దానికి నాగ్‌పూర్ పోవాలి. ఆ పిల్ల ఉన్న స్థితిలో దారి మధ్యలోనే ఏమన్నా కావచ్చని మాకు తెలుసు, తల్లికీ తెలుసు.

మౌనిక ఒప్పుకుంది. పోసక్క ఒప్పుకోలేదు.

"గంత సిన్న గొంతుల పైపు ఏస్తే పిల్ల ఊపిరెట్ల తీస్తది? మీకు తెల్వకపోతే తెల్వదని చెప్పుండ్రి, మా పిల్లను మాకిచ్చి పంపుండ్రి" అని పిల్లను గట్టిగా పట్టుకుని కూర్చుంది. నేను జేబులోంచి పెన్ను తీసి, విప్పి, రీఫిల్ ఆమె చేతిలో పెట్టాను. ఇంతే లావు అన్నాను. చుట్టూ జాగా ఉంటుంది, పక్క నుంచి ఊపిరాడుతుంది, ఇంకో ముక్కు రంధ్రంలో ఆక్సిజన్ నడుస్తూనే ఉంటుందని చెప్పాను. కోయడం లేదు, కుట్టడం లేదని కూడా చెప్పాను. అపాయం అసలే లేదని మాత్రం చెప్పలేదు. ఆక్సిజన్ కొద్దిసేపు పడిపోవచ్చు, ముక్కులోంచి రక్తం చుక్క రావచ్చు, సాయంత్రం జ్వరం రావచ్చు, గొంతు బిగుసుకుపోవడం అరుదు గానీ దానికి కూడా సామాను పక్కనే సిద్ధంగా పెట్టుకుంటామని ఒక్కొక్కటీ చెప్పాను. దాచితే ఒప్పుకుంటారు, చెప్తే భయపడతారు అని కొందరు అనుకుంటారు. నా అనుభవంలో చెప్తేనే నమ్ముతారు.

పోసక్క రీఫిల్‌ను చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. "నువ్వు లోపల ఉంటవా?" అని అడిగింది. ఉంటానన్నాను.

"ఏం చేస్తవ్ లోపల?"

"లోపల టీవీ ఉంటది పోసక్కా. పిల్ల గొంతంతా అండ్ల కనబడ్తది. డాక్టర్లందరు టీవీ దిక్కు చూస్తరు. నేను పిల్ల దిక్కు చూస్త."

అది నేను ఆమెను ఊరుకోబెట్టడానికి అన్న మాట కాదు. మా గదిలో నిజంగానే నియమం అది. తెర మీద బొమ్మ ఎంతో బాగుంటుంది, ఎవరికైనా కళ్లు అటే పోతాయి. అందుకే ఒక మనిషి పిల్ల మొహం, పెదవుల రంగు, మానిటర్ అంకె తప్ప ఇంకేమీ చూడకూడదు. ఆ మనిషి "బయటికి" అంటే స్కోపు బయటికి రావాల్సిందే. ఎందుకని అడిగేది స్కోపు వచ్చాకే. అనేది నర్సయినా సరే, వినేది ఎంత పెద్ద డాక్టరైనా సరే.

సాయంత్రం పిల్ల తండ్రి వచ్చి ఫారం మీద సంతకం పెట్టాడు. బొగ్గు పని చేతులు కదా, కాగితం ఖరాబైతుందని ముందు కడుక్కుని వచ్చాడు.

మంగళవారం మొదటి కేసు ఆరోహిదే. అందరికన్నా చిన్న పిల్లను ముందు తీసుకోవడం పద్ధతి, కడుపు మాడ్చాల్సిన సమయం తగ్గుతుంది. అన్నం గానీ పోతపాలు గానీ అయితే ఆరు గంటల ముందే ఆపాలి, తల్లిపాలు నాలుగు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు. కడుపులో ఏమన్నా ఉంటే మత్తులో అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేను కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఎప్పుడూ అడిగేదే అడిగాను. ఏమన్నా తినిపించారా, తాగించారా?

"రాత్రి మూడింటికి పాలిచ్చిన సిస్టర్, తర్వాత పాణీ కూడ ఇయ్యలే" అంది మౌనిక. పోసక్క పిల్ల తల మీద చెయ్యి పెట్టి, "దీని మీదొట్టు, ఒక్క సుక్క నోట్ల పొయ్యలే" అంది. ఇద్దరూ నిజమే చెప్పారు. నేను టిక్కు పెట్టుకున్నాను.

లోపల వైశాలి మేడమ్, మత్తు డాక్టరు రఫీక్ సాబ్, సిరంజిలు అందించడానికి ఒక స్టాఫ్ నర్సు, నేను. పిల్ల బరువును బట్టి ఏ మందు ఎంత ఇవ్వొచ్చో, ఎంత దాటకూడదో ముందే లెక్కేసి బోర్డు మీద రాశాను. గొంతు మొద్దుబారే మందు కూడా మోతాదు దాటితే ఫిట్స్ తెస్తుంది, అందుకని ప్రతి చుక్కా లెక్కే. మూడు సైజుల గొట్టాలు, మాస్కు, కఫం లాగే సక్షన్, అన్నీ చేతికందేలా పెట్టాం. రఫీక్ సాబ్ పిల్లను నిద్రపుచ్చారు. స్కోపు దించే ముందు నేను ముక్కు తుడవాలి. గాజుగుడ్డ పెట్టి తుడిస్తే జిడ్డుగా మెరిసింది. వెల్లుల్లి వాసన.

నాకు చిర్రెత్తుకొచ్చింది. స్కోపు పాడైపోదా! ఇంకో గాజుగుడ్డ తీసుకుని, తర్వాత ఇంకొకటి, రెండు ముక్కు రంధ్రాలూ పొడిగా అయ్యేదాకా తుడిచాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. గుడ్డలు చెత్త బకెట్లో పడేసి, మానిటర్ ముందు నా జాగాలో నిలబడ్డాను.

స్కోపు దిగింది. గొంతు బాగానే ఉందన్నారు మేడమ్. గొట్టంలో గింజ గానీ బలపం ముక్క గానీ ఏమీ లేవు. గోడలు మాత్రం ఎర్రగా వాచి ఉన్నాయట. ఇవన్నీ నేను వింటున్నాను గానీ చూడటం లేదు. ఒంటి వేడికి వెచ్చబెట్టిన ఉప్పునీళ్లను కుడి ఊపిరితిత్తిలోకి పంపి, వెనక్కి చిన్న సీసాలోకి లాగారు. మళ్లీ ఒకసారి పంపారు, లాగారు. పద్ధతి ప్రకారం మూడుసార్లు చేయాలి. రెండోసారి లాగుతుండగా అంకె తొంభై ఆరు నుంచి తొంభై మూడుకు వచ్చింది. పిల్ల పెదవి అంచు చూశాను. తొంభై ఒకటి.

"బయటికి" అన్నాను.

ఒక్క క్షణంలో స్కోపు బయట ఉంది. రఫీక్ సాబ్ మాస్కు పెట్టి గడ్డం ఎత్తి పట్టుకున్నారు. ఎనభై ఆరు దాకా దిగింది. అక్కడే ఆగింది. ఎన్నేళ్ల అనుభవం ఉంటే ఏం లాభం, ఆ అంకె ఆగిన చోట గుండె కూడా ఆగుతుంది. మెల్లగా ఎనభై తొమ్మిది, తొంభై మూడు, తొంభై ఎనిమిది.

మూడోసారి దించాలా వద్దా అన్నది మేడమ్ ముందున్న ప్రశ్న. దించితే మంచి శాంపిల్ వస్తుంది. ఆమె ఒకసారి పిల్లను చూసి, ఒకసారి రఫీక్ సాబ్‌ను చూసి, రెండు సీసాలతోనే సరిపెట్టుకుందాం అన్నారు. స్కోపు వేయడం చాలామందికి వస్తుంది. సగంలో ఆపి, ఆపినందుకు చిన్నబోకుండా చేతి తొడుగులు తీసేసేవాళ్లే నా లెక్కలో మంచి డాక్టర్లు.

పిల్ల లేచి గట్టిగా ఏడ్చేదాకా పక్కన కూర్చోవడం నా పని. ఏడుపు వినగానే బయట పోసక్క తలుపు కొట్టడం మొదలుపెట్టింది. గొంతు ఇంకా మొద్దుబారి ఉంటుంది, రెండు గంటలు నోట్లో ఏమీ పోయొద్దని మరీ మరీ చెప్పి, పిల్లను తల్లి ఒళ్లో పెట్టి, సీసాల మీద పేరు రాసి ల్యాబ్‌కు పంపడానికి గదిలోకి వచ్చాను. అప్పటికి అరగంట అయి ఉంటుంది.

రెండు సీసాలూ బల్ల మీద నిలబెట్టి ఉన్నాయి. లోపలి నీళ్లు పలచటి మజ్జిగలాగా ఉన్నాయి. చీము ఉంటే అట్లా ఉంటుంది, వింతేమీ లేదు. కానీ పైన సన్నగా, పసుపుగా ఒక పొర తేలి ఉంది. వంచి చూస్తే వెలుతురుకు మెరిసింది. జెల్లీ అనుకుందామంటే మా జెల్లీ నీళ్లలో కరిగిపోయేది. శాంపిల్ ముట్టుకోలేదు. లాగిన గొట్టం కొసన వేలాడుతున్న ఒక్క చుక్కను పాత కేస్ పేపర్ వెనక అద్ది, ఫ్యాన్ కింద పెట్టాను. నీళ్లయితే ఆరిపోవాలి. తడి ఆరింది, మచ్చ మిగిలింది. కిటికీ దిక్కు పట్టుకుంటే ఆ మచ్చలోంచి వెలుతురు కనబడింది. పకోడీలు పెట్టిన కాగితం ఏ ఆడదానికి తెలియదు?

నూనె.

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. చెత్త బకెట్లో నేను పడేసిన గాజుగుడ్డలు పైనే కనబడుతున్నాయి. పోసక్క ఒళ్లంతా నూనె రాస్తుందనే అనుకున్నానా నేను? నిజం చెప్పాలంటే, ముక్కులో వేస్తారన్న సంగతి నాకు తెలుసు. మా అమ్మ నా ఇద్దరు పిల్లలకు స్నానం చేయించి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ముక్కులో రెండేసి చుక్కలు వేసేది. దారి శుభ్రమవుతుందనేది. నేను నర్సు బట్టల్లోనే నిలబడి చూస్తూ ఉండేదాన్ని. మా బస్తీలో ప్రతి ఇంట్లో అంతే. తెలుగు వాళ్లని లేదు, మరాఠీ వాళ్లని లేదు. అందుకే ఆ గిన్నె నాకు కనబడలేదు. రోజూ నా చేతుల్లో పట్టుకున్న గిన్నె నాకు కనబడలేదు. స్కోపుకు నూనె తగలకూడదని ఇరవై ఏళ్లు కాపలా కాసినదాన్ని, పిల్ల ఊపిరితిత్తికి తగులుతుందేమోనన్న ఆలోచనే రాలేదు.

మేడమ్‌కు చెప్పాలి. కానీ లేవలేకపోయాను. చెప్పకపోయినా నాలుగు రోజుల్లో ల్యాబ్ వాళ్లే కనిపెడతారు, పొయ్యి సంగతి ఎవరికీ తెలియదు అని మనసు ఒక దారి చూపించింది. ఆ దారి కొంతసేపు బాగానే కనబడింది, అబద్ధమెందుకు? అంతలో ఇంకోటి గుర్తొచ్చింది. రెండు గంటలు నోట్లో పోయొద్దన్నాను. ముక్కులో పోయొద్దని అనలేదు. ఇప్పుడే ఏడ్చి ఏడ్చి పడుకున్న పిల్ల, పక్కన పోసక్క, సంచిలో నూనె గిన్నె. లేచి ఉరికాను.

వార్డులో పోసక్క పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఉంది. గిన్నె పక్కన ఉంది. నేను గిన్నె లాక్కున్నాను. ఒక్క మాట చెప్పకుండా లాక్కున్నాను. ఆమె బిత్తరపోయి చూసింది. "ఇప్పుడే వస్త, ఏం పెట్టకు, ముక్కుల కూడ పెట్టకు" అని గిన్నెతోనే మేడమ్ దగ్గరికి పోయాను.

సీసా చూపించాను, కాగితం చూపించాను, గిన్నె బల్ల మీద పెట్టాను. వార్డులో రోజూ దీన్ని వేడి చేసిచ్చింది నేనేనని చెప్పాను. మేడమ్‌కు ముందు కోపం వచ్చింది, మా మీద కాదు, మొత్తంగా లోకం మీద. ఎన్నిసార్లు చెప్పినా వినరు, ఎందుకు పోస్తారో అని మరాఠీలో గట్టిగానే అన్నారు. తర్వాత నా మొహం చూసి తగ్గారు. మీరు చెప్పకపోతే రిపోర్టు వచ్చేదాకా టీబీ మందు నడుస్తూనే ఉండేది, నూనె పడుతూనే ఉండేది అన్నారు. ఇంటి వాళ్లకు తానే చెప్తానని లేచారు. నేను చెప్తానని అడిగాను. ఆమె సరేనన్నారు.

ముగ్గురినీ మంచం దగ్గర కూర్చోబెట్టి తెలుగులో చెప్పాను. నీళ్లు పొరపాటున ఊపిరి దారిలో పడితే పొలమారుతుంది, దగ్గొస్తుంది, బయటికి కొట్టేస్తుంది. నూనె అట్లా కాదు. మెత్తగా జారిపోతుంది, దగ్గు కూడా రానివ్వదు. పోయి ఊపిరితిత్తిలో కూర్చుంటుంది. రోజూ కొంచెం, రోజూ కొంచెం. అదే న్యుమోనియాలా కనబడుతుంది, ఎక్స్‌రేలో టీబీలా కనబడుతుంది.

పోసక్కకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది. "అంటే నా శేతులతోనే పోసిన్నా సిస్టరమ్మా? దగ్గెక్కువైందని ఇంకో రెండు సుక్కలు ఎక్కువ ఏస్తి గదా. తగ్గాలని ఏస్తి గదా."

"నువ్వు పోసినవు, నేను కాచిచ్చిన" అన్నాను. "నాకు తెల్లబట్టలున్నయి, చదువుంది. నీకన్న నాదే ఎక్కువ తప్పు. మా పిల్లలకు మా అమ్మ ఏసింది, నేను చూసుకుంట నిలబడ్డ. మాకు ఏం కాలేదు, మీకైంది, గంతే ఫరక్."

నేను మౌనిక దిక్కు చూశాను. అత్తను ఏమంటుందోనని నాకు భయంగా ఉంది, అనడానికి ఆమెకు హక్కుంది కూడా. ఆమె కొంగుతో మొహం కప్పుకుని, "దుపారీ అన్నం తిన్నంక నేను కూడ ఏసేదాన్ని. అత్తమ్మ నిద్రపోయినప్పుడు. అత్తమ్మ ఒక్కతే కాదు" అంది. పోసక్క కోడలి తల తన భుజం మీదికి లాక్కుంది. నాకూ ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఇన్‌చార్జ్ సిస్టర్ వార్డులో ఏడవకూడదని రూలేమీ లేదు.

రిపోర్టు వచ్చింది. కడిగిన నీళ్లలో కనబడిన కణాలన్నీ కొవ్వు మింగి ఉబ్బి ఉన్నాయి. టీబీ లేదు. మేడమ్ ఆ మందులు ఆపించారు. నూనె బందు అన్నదే అసలు మందు, మిగిలింది ఆక్సిజన్, తిండి, ఓపిక. రాత్రికి రాత్రి నయమయ్యే జబ్బు కాదది. ఆక్సిజన్ తీసేయడానికే మూడు వారాలు పట్టింది. ఎక్స్‌రే తేటపడటానికి చాలా నెలలు పట్టింది. ఆరోహి మాత్రం చలికాలం నాటికి, చూపించుకోవడానికి వచ్చినప్పుడు మా వార్డు వరండాలో ఉరికేది, నన్ను చూస్తే ఏడ్చేది. పోసక్క పిల్ల ఒంటికి నూనె రాయడం మానలేదు, మానమని మేమూ అనలేదు. ఒంటికి రాయొచ్చు. నూనె చెయ్యి మెడ పైకి మాత్రం రాదు.

మా చెక్‌లిస్టులో ఒక వరస కొత్తగా చేర్పించాను. ముక్కులో గానీ నోట్లో గానీ చెవిలో గానీ నూనె, నెయ్యి, ఇంకేదన్నా వేస్తారా? మరాఠీలో, హిందీలో అచ్చు వేశారు. కింద తెలుగులో నేనే చేత్తో రాశాను, చర్చిలో నేర్చుకున్న అక్షరాలతో. చదివేవాళ్లు తక్కువే, అందుకని నోటితో అడగాల్సిందే. మొదటి రెండు నెలలు అడిగిన ప్రతి తల్లీ లేదు అనే చెప్పింది. అడిగే తీరులోనే తిట్టు వినబడుతుందేమో అని నాకప్పుడు తట్టింది. ఆ తర్వాత నుంచి ప్రశ్నకు ఒక మాట కలిపాను.

రిటైరైన రోజు గది తాళంచెవి నా తర్వాత వచ్చిన ఇన్‌చార్జ్ సిస్టర్‌కు ఇచ్చి, చెక్‌లిస్టు మొత్తం చదివి వినిపించాను. ఆ వరస దగ్గరికి వచ్చాక, "నూనె వేస్తారా? మా ఇంట్లో వేసేవాళ్లం" అని చదివాను. రెండో మాట కాగితం మీద లేదు కదా అని ఆమె అడిగింది. లేదు, కానీ అది అనకపోతే మొదటిదానికి నిజం రాదు అన్నాను.